బొట్టు పెట్టిన గాజుపలకలు

మా సారు రొయ్యపొట్టును సముద్రమాత ప్రసాదం అనేవారు. ఆ రొయ్యలు సముద్రం ముఖం చూడనివని, భీమవరం వైపు చెరువుల్లో బస్తాల మేత తిని పెరిగినవని ఆయనకు తెలుసు. ఎదురుగా కూర్చుని వినేవాళ్లకు ఇంకా బాగా తెలుసు, ఎందుకంటే ఆ చెరువులు వాళ్లవే. అయినా ఆ మాట దగ్గరికి వచ్చేసరికి చప్పట్లు పడేవి. నేను వెనక వరసలో కూర్చుని, పాపకు పాలిచ్చే వేళ దాటిపోతోందని గడియారం చూసుకుంటూ, ఈ మనిషి కింద ఇంకెంతకాలం పనిచేయాలా అనుకునేదాన్ని.

ఇది నిరుటి మాట, రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. బయోమెడికల్ ఇంజనీరింగ్ చదివానంటే తణుకులో మా అత్తగారి వీధిలో అందరూ ఆస్పత్రుల్లో మిషన్లు బాగుచేసే చదువనుకున్నారు. నేను దిద్దలేదు. రొయ్యల పెంకుల్లోంచి గాయాల మీద వేసే పొర తీస్తానని చెబితే ఇంకా తక్కువగా చూసేవారు. వరిచేల మధ్య కొత్తగా కట్టిన ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను ప్రాజెక్టు ఫెలోను. ఆ ఫెలోషిప్ ఏడాదికోసారి పొడిగించాలి. పొడిగించాలంటే ఫలితం చూపించాలి. చూపించలేకపోతే ఇంట్లో కూర్చోవాలి. "మానేస్తే మానేయ్, పాపనైనా చూసుకుంటావు" అని మా ఆయన మంచిగానే అనేవారు. ఆ మంచితనమే నన్ను భయపెట్టేది. ఇంకొకరు మంచిగా అన్న మాటను కాదనడానికి చాలా ఓపిక కావాలి. అప్పటికి పాపకు పద్నాలుగు నెలలు. నాకు ఓపికంతా బస్సులోనే అయిపోయేది.

పని చెబుతాను. రొయ్యలు వలిచే షెడ్డు నుంచి వారానికి రెండుసార్లు బకెట్లతో పొట్టు వచ్చేది. దాన్ని కడిగి, ఎండబెట్టి, యాసిడ్‌లో నానబెట్టి, కాస్టిక్ సోడాలో ఉడికిస్తే తెల్లటి అటుకుల్లాంటి రేకులు మిగులుతాయి. వాటిని వెనిగర్ లాంటి పల్చటి యాసిడ్‌లో కరిగించి గాజుపలకల మీద పోసి ఆరబెడితే, పాలమీగడ ఎండినట్టు ఒక పొర వస్తుంది. ఆ పొర గాయాన్ని తడిగా ఉంచాలి, గాలి ఆడనివ్వాలి, క్రిములను పెరగనివ్వకూడదు. ఇందులో మూడోదే నాకు లొంగేది కాదు. క్రిములు పెంచిన పళ్లెంలో ఆ పొర ముక్క పెడితే, దాని చుట్టూ అవి చచ్చినంత మేర తేటగా ఒక వలయం కనబడాలి. నా పళ్లేల్లో ఎప్పుడూ ఏమీ కనబడేది కాదు. కళ్లు చికిలించి చూస్తే ఉందేమో అనిపించేది. కళ్లు చికిలించి చూడాల్సిన దాన్ని ఫలితం అనరని నాకు తెలుసు.

ఇంటికి వెళ్లాక మోచేతుల దాకా మూడుసార్లు సబ్బుతో రుద్దుకున్నా ఆ పుల్లటి వాసన పోయేది కాదు. పాప ఒక్కోసారి రొమ్ము దగ్గర ముఖం తిప్పేసుకునేది. ఆ సోడా ఆవిరి పాలల్లోకి వస్తుందేమోనని నాకు ఒకటే బెంగ. సారును అడిగితే, "మా అమ్మ నన్ను పొగాకు కాల్చే బ్యారన్‌లో పనిచేస్తూ పెంచిందమ్మా, నాకేమైంది?" అన్నారు. ఆయనకేమైందో చెప్పే ధైర్యం లేక ఊరుకున్నాను.

సారు ఎప్పుడైనా ఒక పళ్లెం చేత్తో పట్టుకుని చూశారా అంటే, చూశారు, ఫొటోకి. తెల్లకోటు తలుపు వెనక మేకుకు వేలాడుతూ ఉండేది. కెమెరా వచ్చినప్పుడు దింపేవారు. ఇద్దరు మనుషులు కూడితే ఉపన్యాసం, నలుగురు కూడితే శాలువా. కాలేజీ కమిటీలో ఒక చెరువుల ఆసామి ఉండేవారు. షెడ్డు ఆయనదే, పొట్టు ఆయనదే, మా గదిలో ఏసీ కూడా ఆయనిచ్చిందే. సారు ఆయన ముందు నిలబడే తీరు చూస్తే, ఆసామి చేతిలో బిస్కెట్ ఉందేమోనని అనుమానం వచ్చేది.

ఆ ఏడాది దసరాకు డిపార్ట్‌మెంట్‌లో ఆయుధపూజ ఘనంగా చేయాలని సారు అన్నారు. లేతు మిషన్లకు, డ్రిల్లింగ్ మిషన్లకు ఎలాగూ చేస్తారు. మనకు మాత్రం తక్కువేమిటని ఆయన పట్టుదల. మైక్రోస్కోపుకు బంతిపూల దండ. ఓవెన్‌కు కుంకుమ. త్రాసుకు గంధం పూస్తుంటే, అది మిల్లీగ్రాములు తూస్తుందని చెప్పాను. "దేవుడి కంటే బరువా?" అన్నారు. గుమ్మం దగ్గర కొబ్బరికాయ కొట్టారు, ఆ నీళ్లు కొన్ని నా నోటుపుస్తకం మీద పడ్డాయి. పాపకు జ్వరంగా ఉందని ఇంటి నుంచి కబురు రాగానే ప్రసాదం కూడా తీసుకోకుండా బస్సెక్కాను.

సెలవులయ్యాక వచ్చేసరికి నా గాజుపలకలు పేపర్లో చుట్టి వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కోదాని మూల చిన్న పసుపుబొట్టు. విసుగ్గా బొటనవేలితో తుడిచేసి, వాటి మీదే పొరలు పోశాను. ఈ ముక్క రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. పాపకు జ్వరం తగ్గి రెండు రోజులే అయింది, నాకు నిద్రలేదు. కానీ నిద్రలేకపోవడం గురించి ఇంతమందికి ఇన్నిసార్లు చెప్పుకున్నాను కాబట్టి దాన్ని ఇక్కడ సాకుగా వాడను.

నాలుగోరోజు పళ్లేలు తీస్తే వలయాలు. చికిలించనక్కర్లేదు. ప్రతి ముక్క చుట్టూ రూపాయి బిళ్లంత తేట. సారు వచ్చి చూశారు, మేకు నుంచి కోటు దింపారు. అరగంటలో ఆసామికి ఫోను వెళ్లింది. సాయంత్రానికి సభ ఖాయమైంది. మూడు వారాల తర్వాత ఒక శనివారం, కమిటీ వాళ్లందరి ముందు, ఆసామి షెడ్డులో చెయ్యి గాయమైన ఒకావిడకు మా పొర వేసి చూపిస్తారు, పేపరువాళ్లు వస్తారు. ఫెలోషిప్ పొడిగింపు ఇక కాగితం పనేనని సారు నాతో అన్నారు. మనుషుల మీద వాడటానికి అనుమతి కావాలి కదా సార్ అంటే, "మన షెడ్డు మనిషేనమ్మా" అన్నారు.

నేను మళ్లీ పోశాను. ఈసారి పలకలు నేనే వేడినీళ్లతో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో మరోసారి శుభ్రం చేసి, ఆరబెట్టి పోశాను. వలయాల్లేవు. ఇంకోసారి పోశాను. లేవు. అప్పుడు ఆ పసుపుబొట్లు గుర్తొచ్చి మా అటెండరును పిలిచి అడిగాను. యాభై దాటిన మనిషి, ఎవరి జోలికీ పోడు. పూజకు ముందు పలకలు ఎలా కడిగారని అడిగితే ఆయన ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్లకు ఎవరో అడిగారన్నట్టు చెప్పాడు.

"డెట్టాల్ పట్టించేనండి. సీసా మొత్తం. గాయాల మందు చేసే పలకలు కదండి మరి, ఉత్త నీళ్లతో కడిగితే మైల పోద్దాండి? రెండుసార్లు తుడిచి, ఆరనిచ్చి, బొట్టెట్టి, పేపర్లో చుట్టేను. ఆయ్."

నీళ్లతో కడిగేశారా తర్వాత, అన్నాను.

"కడిగేస్తే ఇంక పట్టించడం ఎందుకండి?"

ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆ గదిలో ఆ పలకలు శుభ్రంగా ఉండాలని మనసులో అనుకున్నవాడు ఆయనొక్కడే. పొర లేకుండా వట్టి పలక పక్కన క్రిములకు ఏమవుతుందో ముందు చూడాలని రెండో సంవత్సరం పిల్లలకు పాఠం చెప్పినదాన్ని నేను. నేను చూడలేదు. వలయం కోసం ఏడాదిగా ఆకలితో ఉన్నాను, కనబడగానే మింగేశాను.

సారుకు చెప్పాను. తలుపు వేసి మరీ చెప్పాను. ఆయన పెన్ను మూత పెట్టి, తీసి, పెట్టి, ఇలా అన్నారు:

"అయితే ఏమైందమ్మా? డెట్టాల్ కూడా గాయానికి మంచిదే కదా."

హాస్యమేమో అనుకున్నాను. కాదు. ఇరవై ఏళ్ల అనుభవం అని బోర్డు మీద రాయించుకున్న మనిషి నా కళ్లలోకి చూసి అన్న మాట అది. మనం పరీక్షించింది డెట్టాల్‌ను కాదు సార్ అన్నాను. ఫంక్షన్ అయ్యాక నిదానంగా చూద్దామన్నారు. ఆసామిగారికి మాటిచ్చామన్నారు. లేచేటప్పుడు మాత్రం గొంతు తగ్గించి, "ఇవన్నీ మనసులో పెట్టుకోకు. పాలిచ్చే తల్లివి" అన్నారు. నా పాల గురించి ఆ మనిషికి బెంగ కలిగింది ఆ ఒక్కసారే.

సభకు రెండురోజుల ముందు, గురువారం సాయంత్రం, పాప గడప తట్టుకుని పడింది. గడ్డం కింద చిట్లింది. లోతు లేదు, కానీ రక్తం బాగానే వచ్చింది, నా చీరంతా అయింది. నేను దూది వెతుకుతుంటే మా అత్తగారు గుడ్డ తడిపి అదిమిపట్టారు. రక్తం ఆగాక నా వైపు చూసి అన్నారు:

"గాయాల మందు చేస్తున్నానని రోజూ బస్సెక్కి పోతావు కదే. తెచ్చి వెయ్యి మరి. అది పరాయివాళ్లకేనా?"

ఆవిడ మాటల్లో విషం ఉంటే నేను పట్టించుకునేదాన్ని కాదు. ఆవిడ నిజంగానే అడిగారు. సంచిలో ఉంది పొర. రిపోర్టు ఫైలుకు అతికించమని సారు ఇచ్చిన ముక్క, పాలిథిన్ కవరులో, నీటుగా కత్తిరించి. తీసి చేతిలో పట్టుకున్నాను. డెట్టాల్ పలకల మీద పోసిన వాటిలోదో, మంచి పలకల మీద పోసిన వాటిలోదో కూడా నాకు తెలియదు. దాని మీద ఏ సూక్ష్మజీవులున్నాయో ఎవరూ చూడలేదు. పాప నా ముఖం చూసి నవ్వింది, పెదవి మీద ఇంకా కన్నీళ్లుండగానే. పొర కవరులో పెట్టేసి, కాచి చల్లార్చిన నీళ్లతో తుడిచి, శుభ్రమైన గుడ్డ కట్టాను. "అంతేనా?" అన్నారు అత్తగారు. అంతే అన్నాను.

ఆ రాత్రంతా ఎవరి బొటనవేలి గురించి ఆలోచించానో ఆవిడ గురించి చెప్పాలి. సభలో పొర వేయబోయేది ఆవిడకే, షెడ్డు నుంచి మాకు పొట్టు బకెట్లు తెచ్చేదీ ఆవిడే. నలభై ఏళ్లుంటాయి. పొద్దుటి నుంచి ఐసునీళ్లల్లో చేతులు పెట్టి రొయ్యలు వలవాలి. వేళ్ల చర్మం నానిపోయి తెల్లగా ముడతలు పడి ఉండేది. రొయ్య తలమీది కొమ్ము ఒకటి కుడి బొటనవేలి గోరు పక్కన దిగి, అది గోరుచుట్టుగా మారింది. నెలనుంచీ వాచి ఉంది. ఆవిడ దానికి నిమ్మకాయ తొడుక్కునేది. కాయకు కన్నం చేసి, కాస్త పసుపు పెట్టి, వేలికి టోపీలా. నేను చూసినప్పుడల్లా లోపల నవ్వుకున్నాను, ఏడాదికి ఒక్క వలయం కూడా తీయలేనిదాన్ని. నిమ్మకాయను కనీసం ఆవిడ తన వేలి మీదే పెట్టుకుంది.

నాకు అసలు భయం అక్కడే. లోపల చీము ఉన్న వేలి మీద గాలి ఆడుతుందో లేదో తెలియని పొర అతికిస్తే, చీముకు మూత పెట్టినట్టే. అది వారం రోజులు విప్పకూడదని సారు ముందే ప్రకటించారు. ఎముకకు పడితే ఆవిడకు వేలు పోతుంది. వేలు పోతే రొయ్య వలవలేదు.

శనివారం సభకు బట్ట బ్యానరు కట్టారు, స్టీలు గ్లాసుల్లో బాదంపాలు పోశారు. ఆవిడను కొత్త చీరలో తీసుకొచ్చి వరండాలో కూర్చోబెట్టారు. కుడిచెయ్యి కొంగు కింద దాచుకుని ఉంది. నేను పక్కన కూర్చున్నాను. పొర వేయించుకోవద్దమ్మా అన్నాను. లోపల చీముంది, ఆస్పత్రికి వెళ్లి గాటు పెట్టించి తీయించుకోవాలి అన్నాను. ఆవిడ నా వైపు తిరిగింది.

"మీరేనంట కదండి అది చేసింది."

"నేనే."

"మంచిది కాదాండి?"

"మంచిదో కాదో నాకింకా తెలీదమ్మా."

"మరి ఆ మాట లోపల మీరే చెప్పొచ్చు కదండి."

నా ఫెలోషిప్ అని మొదలుపెట్టాను. ఆవిడ తల ఊపింది, ఇంక చెప్పనక్కర్లేదన్నట్టు. "నా పనీ ఆరి షెడ్డులోనేనండి. రానంటే రేపట్నించి రావద్దంటారు" అంది. లోపల సారు సముద్రమాత దగ్గరికి వచ్చారు, చప్పట్లు వినబడ్డాయి. పేరు పిలవగానే ఆవిడ కొంగు కింద నిమ్మకాయ తీసి నా ఒళ్లో పెట్టి, "ఉంచండి, మళ్లీ కావాలి" అని లేచి వెళ్లింది.

నేను గుమ్మంలో నిలబడి చూశాను. సారు కోటు తొడుక్కుని, చెయ్యి ఇలా ఇవ్వమ్మా అన్నారు. ఆవిడ ఎడమచెయ్యి చాపింది. ఏ దెబ్బా లేని ఎడమచెయ్యి. ఐసునీళ్లకు నానిన వేళ్లు తెల్లగా ఉన్నాయి, అంతే. సారు ఆ చెయ్యి పట్టుకుని, దాన్ని చూడకుండా జనాన్ని చూస్తూ, గాయం మానడంలో నాలుగు దశల గురించి చెప్పారు. ఫోర్సెప్స్‌తో పొర తీసి ఎడమ బొటనవేలికి చుట్టారు. ఫొటోగ్రాఫరు చెయ్యి కొంచెం పైకెత్తమన్నాడు. ఎత్తింది. ముందు వరసలో కమిటీ మొత్తం ఉంది. అందులో ఇద్దరు డాక్టర్లు. ఆసామి కూర్చున్నచోటి నుంచే అడిగారు, నొప్పి తగ్గిందా అని.

"ఈ వేలికి ఏమీ లేదండి ఇప్పుడు" అంది ఆవిడ.

చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు, నోరు కూడా విప్పలేదు. ఆ సభలో ఉన్నవాళ్లందరినీ ఎంత తక్కువగా చూశానో, చేతిలో నిమ్మకాయతో గుమ్మంలో నిలబడ్డ దాన్ని కూడా అంతే తక్కువగా చూశాను.

మర్నాడు జిల్లా పేజీలో ఫొటో వచ్చింది. రొయ్యపొట్టు పొర, గాయం మాయం అని పెద్ద అక్షరాలు. మా ఆయన కత్తిరించి బీరువా తలుపుకు అతికించారు. సోమవారం కాలేజీకి వెళ్లకుండా, పాపను అత్తగారికి అప్పగించి, ఆవిడను గవర్నమెంటు ఆస్పత్రికి తీసుకెళ్లాను. గాటు పెట్టి చీము తీశారు. ఇంకొన్నాళ్లు ఆగుంటే ఎముకకు పట్టేదని డాక్టరు కసిరాడు, ఆవిడను కాదు, నన్ను. చదువుకున్నదానిలా ఉన్నారు, ఇన్నాళ్లు నిమ్మకాయ పెట్టి కూర్చోబెట్టారా అని. ఆవిడ తలవంచుకుని, నవ్వు ఆపుకుంటూ కూర్చుంది.

వారం తర్వాత సారు ఆవిడను మళ్లీ పిలిపించి, ఎడమవేలికి పొర విప్పి ఫొటో తీయించారు. కుడివేలికి ఇంత లావు కట్టు ఉంది. అదేమిటని ఆయన అడగలేదు. రిపోర్టులో ఆ ఫొటో కింద గాయం పూర్తిగా మానింది అని రాయమన్నారు. నేను రాయలేదు. పలకలను డెట్టాల్‌తో తుడిచారని, కడిగిన పలకల మీద వలయాలు రాలేదని, పొర వేసింది గాయం లేని బొటనవేలికని, ఉన్నది ఉన్నట్టు మూడు వాక్యాలు రాసి, సంతకం పెట్టి, ఆయన టేబుల్ మీద పెట్టాను. ఇంటికి వచ్చి మా ఆయనతో ఉద్యోగం పోతుందేమోనన్నాను. ఆయన మంచిగానే తలూపారు.

ఏమీ పోలేదు. సారు ఆఖరి పేజీ తిప్పి నా సంతకం పక్కన తన సంతకం పెట్టారు. కమిటీలో మిగతావాళ్లూ పెట్టారు. చదివుంటే ఒక్కరైనా నన్ను పిలిచేవారు. నెల తిరగకుండా ఫెలోషిప్ ఇంకో ఏడాది పొడిగించినట్టు ఉత్తరం వచ్చింది. నిజం రాసినందుకు నన్ను తీసేయడానికైనా ఆ కాగితాన్ని చదివే మనిషి ఒకడు ఉండాలి, ఆ కాలేజీలో లేడు. నేను ఆ జీతం తీసుకుంటూనే ఉన్నాను. అదీ రాస్తున్నాను.

గాజుపలకలు ఇప్పుడు నేనే కడుగుతాను. అటెండరు గారికి కొంచెం చిన్నతనంగానే ఉంది. వలయాలు ఇంకా సరిగా రావడం లేదు, కానీ వచ్చినా రాకపోయినా అవి నావే. పాప గడ్డం కింద చిన్న మచ్చ మిగిలింది, నిద్రలో తల వెనక్కి వాల్చినప్పుడు కనబడుతుంది.

మొన్న పొట్టు బకెట్ దింపుతూ ఆవిడ కుడి బొటనవేలు చూపించింది. గోరు వంకరగా కొత్తది వస్తోంది. బాగుందన్నాను. వెళ్లబోతూ వెనక్కి తిరిగింది.

"ఈ ఏడు కూడా ఫొటో ఉందంటండి. ఏ చెయ్యి ఇమ్మంటారు?"